సాయానికి ఓ మనిషి... అసలు ఖర్చెంత?

పచ్చళ్లు పెట్టి అమ్మేవారు, చీరలు తెప్పించి అమ్మేవారు, మగ్గం వర్కు చేయించేవారు, పుట్టినరోజు కేకులు చేసిచ్చేవారు... ఇంటి నుంచే వ్యాపారం నడిపే మహిళలు ఇప్పుడు వీధికి ఒకరైనా ఉంటున్నారు. మామిడికాయ ముక్కలు కొట్టడానికో, చీరలకు ఫాల్స్ కుట్టడానికో ఎవరో ఒకరు సాయం వస్తారు. మరి ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లకు జవాబివ్వడం, ఆర్డర్లు రాసుకోవడం, పార్సిల్ ఎక్కడుందో కనుక్కోవడం, లెక్కలు చూసుకోవడం? అదంతా ఒక్కరి మీదే పడుతోంది. ఆ పనికి దూరం నుంచే సాయపడే మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుంది? గిట్టుబాటవుతుందా? కాస్త లెక్క వేసి చూద్దాం.

పొయ్యి మీద పోపు వేగుతుంటుంది. అప్పుడే ఫోన్ టింగుమంటుంది. ‘కిలో ఎంత మేడమ్?’ చేతులు కడుక్కుని జవాబిచ్చేలోపు పోపు మాడిపోతుంది. పోపు చూసుకుని వచ్చేసరికి ఆవిడ మరొకరి దగ్గర ఆర్డరిచ్చేసి ఉంటుంది. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక కూర్చుని చూస్తే జవాబివ్వని మెసేజ్‌లు ముప్పై! ‘పొద్దున్న అడిగితే ఇప్పుడా చెప్పేది?’ అన్న నిష్ఠూరాలు వేరే. చిన్న వ్యాపారం కాస్త పుంజుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ దశ ఒకటి వస్తుంది. సరుకు బాగానే ఉంటుంది, కొనేవాళ్లూ ఉంటారు. ఉన్న ఇరవై నాలుగు గంటలే చాలవు.

ఎవరీ అసిస్టెంట్?

ఇలాంటప్పుడు వినిపిస్తున్న మాటే ‘వర్చువల్ అసిస్టెంట్’. పేరు గంభీరంగా ఉన్నా పని మనకు తెలిసిందే. మీ ఇంటికి రాకుండా, తన ఇంట్లోనే కూర్చుని ఫోన్, కంప్యూటర్ సాయంతో మీ రాతకోతల పని చేసిపెట్టే మనిషి అన్నమాట. అమెరికాలోని చిన్న వ్యాపారులు బెంగళూరులోనో ఫిలిప్పీన్స్‌లోనో ఉన్నవారి చేత ఇలాంటి పనులు చేయించుకోవడం 2000 తర్వాత బాగా పెరిగింది. ఇప్పుడు గుంటూరులో పచ్చళ్లు పెట్టే ఆవిడకు ఖమ్మంలో ఉన్న డిగ్రీ చదివిన అమ్మాయి ఆర్డర్లు రాసిపెట్టడంలో వింతేమీ లేదు. పెళ్లయి, పసిపిల్లలతో బయటి ఉద్యోగానికి వెళ్లలేని చదువుకున్న ఆడవాళ్లకు ఇదొక దారి కూడా.

ఇంతకీ ఎంతివ్వాలి? అందరూ మొదట అడిగేది ఇదే. దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటుంది.

మీ గంట ఖరీదెంత?

చాలామంది కిలో ఆవకాయ ధర కట్టేటప్పుడు మామిడికాయలు, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, సీసా, కొరియర్... అన్నీ కలుపుతారు. తమ కష్టం మాత్రం కలపరు. ‘నేను ఇంట్లోనే కదా ఉండేది, నాదేముందిలే’ అనేస్తారు. ఆ ఇంట్లో ఉండే ఆవిడ రోజు ఎలా గడుస్తుందో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పనిలో చేయి వేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అంటే వ్యాపారం మొదలవకముందే ఆమె రోజులో దాదాపు ఐదు గంటలు అయిపోయాయి. మిగిలిన వేళల్లోంచి తీసిన గంట ఉత్తినే వచ్చినదెలా అవుతుంది?

మీ గంటకు ధర కట్టకపోతే సాయానికి పెట్టుకునే మనిషి జీతం ఎంతైనా దండగగానే కనిపిస్తుంది. ‘నేనే చేసుకుంటే డబ్బు మిగులుతుంది కదా’ అనిపిస్తుంది. అందుకే ఒక పదిహేను రోజులు చిన్న పని చేయండి. ఓ నోట్ పుస్తకం పక్కన పెట్టుకుని మెసేజ్‌లకు ఎంతసేపు పట్టింది, పార్సిళ్ల సంగతికి ఎంత, లెక్కలకు ఎంత అని రాయండి. జవాబు ఆలస్యమై చేజారిన ఆర్డర్లెన్నో కూడా ఆ పేజీలోనే రాయండి. ఈ రెండు అంకెలూ చేతిలో లేకుండా మనిషిని పెట్టుకుంటే చీకట్లో బాణం వేసినట్లే.

లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు పచ్చళ్లు అమ్మే ఒకావిడకు రోజుకు మెసేజ్‌లకు రెండు గంటలు, పార్సిళ్లకు అరగంట, లెక్కలకు అరగంట పడుతోందనుకుందాం. మొత్తం 3 గంటలు. నెలకు 26 రోజులు చూసుకుంటే 78 గంటలు. లెక్క సులువుగా ఉండటానికి అసిస్టెంట్‌కు గంటకు 100 రూపాయలు అనుకుందాం. మీ ఊరిని బట్టి, పనిని బట్టి ఇది మారుతుంది. నెలకు 7,800 రూపాయలు అయింది.

ఇక్కడితో ఆగిపోతే పొరబాటే. వ్యాపారానికి విడిగా తీసుకున్న నంబరు రీచార్జి, ఆమె నెట్ ఖర్చులో మీ వాటా కలిపి 400 అనుకోండి. కొత్త మనిషన్నాక ఒక చిరునామా తప్పు రాస్తుంది, ఒక అరకిలో ప్యాకెట్ తక్కువ చెబుతుంది. వాటి కోసం నెలకు 500 పక్కన పెట్టండి. మొత్తం 8,700.

పోనీ 78 గంటలూ మీకు మిగిలాయా అంటే అదీ లేదు. ఆమె రాసినవి సరిచూడటానికి, అడిగిన సందేహాలు తీర్చడానికి రోజుకు అరగంటైనా మీరు కూర్చోవాలి. నెలకు 13 గంటలు అందులోనే పోతాయి. నికరంగా చేతికి వచ్చేది 65 గంటలు. ఇప్పుడు 8,700ను 65తో భాగించి చూడండి. గంటకు సుమారు 134 రూపాయలు! వంద అనుకున్న గంట నూట ముప్పై నాలుగు అయింది.

మొదటి నెల ఇంకా ఎక్కువవుతుంది. ఏ పచ్చడి ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, హైదరాబాద్‌కు ఎన్ని రోజుల్లో వెళుతుంది, అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపమని అడిగితే ఏం చెప్పాలి... ఇవన్నీ నేర్పడానికి ఓ 20 గంటలు మీవి పడితే ఆ నెల మిగిలేవి 45 గంటలే. అంటే గంటకు 193 రూపాయల చొప్పున పడినట్లు. ‘పెట్టుకుని కూడా సుఖం లేదు’ అని చాలామంది మొదటి నెలలోనే మానిపించేసేది ఇక్కడే. మాన్పించి, రెండు నెలలు పోయాక మళ్లీ ఇంకొకరిని వెతుక్కుంటే ఆ 20 గంటల నేర్పుడూ మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి మూడు నెలలు ఇవ్వగలనా అని చూసుకున్నాకే మొదలుపెట్టడం మంచిది.

మరి ఈ 8,700 ఎక్కడి నుంచి రావాలి? కిలోకు ఖర్చులన్నీ పోను 120 రూపాయలు మిగులుతున్నాయనుకుంటే, నెలకు 73 కిలోలు అదనంగా అమ్మాలి. రోజుకు దాదాపు 3 కిలోలు. మీ నోట్ పుస్తకంలో చేజారిన ఆర్డర్లు అంతకు మించి ఉంటే మనిషిని పెట్టుకోవచ్చు. అడిగేవాళ్లే తక్కువగా ఉంటే అసిస్టెంట్ వచ్చి కొత్త కొనుగోలుదారులను పట్టుకురాదు. ఆ డబ్బు సరుకు మీదో, మంచి ఫొటోల మీదో పెట్టడం నయం.

మిగిలిన గంటల్లో వ్యాపారం పెంచకుండా కంటినిండా నిద్రపోదామని, పిల్లల చదువు చూసుకుందామని అనుకునేవారూ ఉంటారు. అందులో తప్పేమీ లేదు. అప్పుడు దాన్ని వ్యాపారం ఖర్చుగా కాకుండా ఇంటి ఖర్చుగా రాసుకోండి. గ్యాసు, పాలు, ట్యూషన్ ఫీజుల పక్కనే. దానికి నొచ్చుకోవలసిన పనీ లేదు, లాభంలోంచి కట్టి చూపించవలసిన పనీ లేదు.

రేటు ఎలా కట్టాలి?

సాధారణంగా మూడు పద్ధతులున్నాయి. గంటల లెక్క, నెల జీతం, పని లెక్క. రోజూ ఒకేలా పని ఉండేవారికి నెల జీతం బాగుంటుంది. చీరల వ్యాపారం చూడండి, శ్రావణమాసంలో ఊపిరాడదు, ఆషాఢంలో ఈగలు తోలుకోవాలి. అలాంటివారికి గంటల లెక్క మేలు. సీజన్‌లో రోజుకు నాలుగు గంటలు, మిగతా రోజుల్లో ఒక గంట అని ముందే మాట్లాడుకోవచ్చు. వంద చీరల ఫొటోలకు వివరాలు రాసిపెట్టడం, నెలాఖరు లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కించడం వంటివాటికి పని లెక్కన ఇవ్వొచ్చు.

పని లెక్కన ఇవ్వడం మనకు కొత్తేమీ కాదు. 1959లో ముంబైలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్ సంస్థలో ఆడవాళ్లు కలిపిన పిండి ఇంటికి తీసుకెళ్లి, అప్పడాలు వత్తి తెచ్చి, బరువును బట్టి కూలి తీసుకుంటారు. లాభంలోనూ వాటా ఉంటుంది. చేసింది ఇంట్లోనే అయినా తూకం వేసి మరీ కష్టానికి లెక్క కట్టారు.

ఇక రేటు విషయానికొస్తే, మీ ఊళ్లోనే ఓ దుకాణంలో లెక్కలు రాసే అమ్మాయికి ఎంతిస్తున్నారో కనుక్కోండి. నెలకు 15,000 ఇస్తున్నారనుకుందాం. రోజుకు 8 గంటలు, 26 రోజులు అంటే 208 గంటలు. గంటకు 72 రూపాయలు పడింది. అయితే ఆ దుకాణంలో కుర్చీ, కరెంటు, కంప్యూటర్, ఫోన్ అన్నీ యజమానివే. ఇంటి నుంచి చేసే అమ్మాయికి అవన్నీ సొంత ఖర్చు. పైగా ఆమెకు నిలకడగా ఎనిమిది గంటల పని దొరకదు. పొద్దున్న గంటన్నర, సాయంత్రం గంటన్నర అంటే మధ్యలో సమయం మరో పనికి అక్కరకు రాదు. కాబట్టి ఆ 72 కనీసపు గీత. అక్కణ్నుంచి పైకి మాట్లాడుకోవాలి.

పని స్థాయిని బట్టి కూడా రేటు మారుతుంది. మెసేజ్‌లకు జవాబులివ్వడం వేరు, ట్యాలీలో లెక్కలు చూడటం వేరు, రీల్స్ తీర్చిదిద్దడం వేరు. మెసేజ్‌ల రేటుకే రీల్స్ కూడా చేసిపెట్టమని అడిగితే, ఇడ్లీ ధరకు బిర్యానీ అడిగినట్లుంటుంది.

మధ్యవర్తుల ద్వారా తీసుకుంటే వారి వాటా గుర్తుంచుకోండి. ఫైవర్ వంటి వెబ్‌సైట్‌లో పని చేసినవారికి వచ్చే మొత్తంలో 20 శాతం ఆ సంస్థే ఉంచుకుంటుంది. మీరు పనికి 1,000 కడితే ఆమెకు చేరేది 800. జీఎస్టీ నమోదున్న ఏజెన్సీ అయితే 10,000 బిల్లు మీద 18 శాతం, అంటే 1,800 అదనం. మీకు జీఎస్టీ నమోదు లేకపోతే ఆ 1,800 మళ్లీ రాబట్టుకోవడానికి వీలుండదు.

‘ఇంట్లోనే కదా’ అన్న మాట

అసలు చిక్కంతా ఈ మాటతోనే. బంధువులు వచ్చినప్పుడు ‘నువ్వు ఇంట్లోనే కదా ఉండేది, ఆ పని కాస్త చూడకూడదూ’ అంటే మన మనసు చివుక్కుమంటుంది. మన పనిని పనిగా చూడటం లేదని బాధపడతాం. అదే మనం అసిస్టెంట్‌ను మాట్లాడుకునేటప్పుడు నోటికొచ్చే మాటేమిటి? ‘నువ్వు ఇంట్లోనే కదా ఉండేది, బస్సు ఖర్చు కూడా లేదు, కాస్త తగ్గించుకోమ్మా!’

అంతటితో ఆగం. మాట్లాడుకున్నది మూడు గంటలు. ఉదయం ఆరింటికి ఒక మెసేజ్, మధ్యాహ్నం భోజనం వేళ ఒకటి, రాత్రి పదిన్నరకు ‘ఈ ఒక్కటీ చూసిపెట్టవా’ అని మరొకటి. రెండు నిమిషాల పనే. ఆ రెండు నిమిషాల కోసం ఆమె పొద్దుట్నుంచి రాత్రి వరకు ఫోన్ చేతిలో పట్టుకునే ఉండాలి. చంకలో బిడ్డతో, పొయ్యి మీద అన్నంతో. మీరు ఏ అవస్థ తప్పించుకోవాలని మనిషిని పెట్టుకున్నారో, అదే అవస్థ మూడు గంటల జీతానికి ఆమెకు అప్పజెప్పినట్లయింది. అలాంటి చోట ఎవరూ నిలవరు. రెండో నెలలోనే ‘మా అత్తగారికి బాగోలేదక్కా’ అని మానేస్తారు. నేర్పిన 20 గంటలూ గాలికి పోతాయి. న్యాయం మాట అటుంచి, లెక్క ప్రకారం చూసినా నష్టమే.

దీనికి మార్గం సులువే. వేళలు ఖాయం చేసుకోండి. పది నుంచి పదకొండున్నర, నాలుగు నుంచి ఐదున్నర. ‘ఈ వేళల్లో జవాబిస్తాం’ అని కొనేవారికీ చెప్పేయండి. మొదట్లో ఒకరిద్దరు విసుక్కున్నా, ఖచ్చితంగా ఆ వేళకు జవాబొస్తుందని తెలిశాక అలవాటుపడతారు. పండగ రద్దీలో అదనంగా చేయించుకుంటే అదనంగా ఇవ్వండి.

ఇంకో మాట. ‘మా ఆడపడుచు కూతురు ఖాళీగానే ఉంది, దానిచేత చేయిస్తాను’ అనుకునేవారున్నారు. చేయించండి, తప్పులేదు. అయితే జీతం ఇచ్చి చేయించండి. ఉత్తినే చేసే మనిషిని ఆలస్యమైందని అడగలేరు, తప్పు చేస్తే చెప్పలేరు. పండక్కి చీర పెట్టి సరిపెట్టుకుంటే చివరికి వ్యాపారమూ చెడుతుంది, చుట్టరికమూ చెడుతుంది.

పైసా ఖర్చు లేకుండా అయ్యేవి

మనిషి కన్నా ముందు ఉచితంగా వచ్చే సదుపాయాలను వాడుకోండి. చిన్న వ్యాపారుల కోసం ఉద్దేశించిన వాట్సాప్ బిజినెస్ యాప్ 2018లో మన దేశానికి వచ్చింది. దాన్ని వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. సరుకుల ఫొటోలు, ధరలతో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. కొత్తగా మెసేజ్ పెట్టినవారికి దానంతటదే పలకరింపు వెళ్లేలా చేయవచ్చు. తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసిపెట్టుకుని ఒక్క నొక్కుతో పంపవచ్చు. ‘ధరెంత?’, ‘ఎన్ని రోజుల్లో వస్తుంది?’, ‘సరుకు అందాక డబ్బిస్తే చాలా?’ వంటివన్నీ ఇలా తీరిపోతాయి. ఇది చేశాక మళ్లీ నోట్ పుస్తకం చూడండి. మూడు గంటల పని రెండు గంటలకు దిగితే, గంటకు 100 చొప్పున జీతంలోనే 2,600 రూపాయలు తగ్గినట్లు.

తాళంచెవులు ఎంతవరకు ఇవ్వాలి?

నమ్మకం ఉండాలి, జాగ్రత్తా ఉండాలి. వాట్సాప్‌ను మీ ఫోన్‌తో పాటు మరో నాలుగు పరికరాల్లో తెరవవచ్చు. అలా తెరిచి ఇస్తే ఆ నంబరులోని కబుర్లన్నీ ఆమెకు కనిపిస్తాయి, మీ పుట్టింటి విషయాలతో సహా! కాబట్టి వ్యాపారానికి వేరే నంబరు తప్పనిసరి. ఫేస్‌బుక్ పేజీకి పాస్‌వర్డ్ ఇవ్వకుండానే మరొకరికి పని అప్పగించే సదుపాయం అందులోనే ఉంది. యూపీఐ పిన్, ఓటీపీ, బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం ఎంత నమ్మకస్తురాలికైనా ఇవ్వకండి. ఏదైనా పొరబాటు జరిగితే అనుమానం ఆమె మీదకు రాకుండా ఉండటానికైనా ఇది అవసరం.

‘డబ్బు పంపేశాం’ అంటూ నకిలీ స్క్రీన్‌షాట్ పెట్టి సరుకు పట్టుకుపోయేవారున్నారు. డబ్బు ఖాతాలో పడిందో లేదో మీరే చూసి, ‘సరే’ అన్నాకే పార్సిల్ కట్టాలన్నది నియమంగా పెట్టుకోండి. కొనేవారి ఫోన్ నంబర్లు, చిరునామాలు ఇంకొకరికి ఇవ్వకూడదని ఆమెకు మొదటి రోజే చెప్పండి. ఇలాంటి సమాచారాన్ని కాపాడటానికి 2023లో చట్టమే వచ్చింది.

చట్టం, పన్నుల మాటేమిటి?

ఒకరిద్దరిని పెట్టుకునే చిన్న వ్యాపారికి భయపడవలసినంత తతంగం లేదు. మామూలుగా పీఎఫ్ నిబంధన 20 మంది, ఈఎస్ఐ నిబంధన 10 మంది పనిచేసే చోట నుంచి వర్తిస్తుంది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో వ్యాపారం కోటి రూపాయలు దాటని వ్యక్తులు ఇలాంటి చెల్లింపుల్లో పన్ను కోసి కట్టే పని ఉండదు. సేవల ద్వారా ఏడాదికి 20 లక్షల లోపు సంపాదించే అసిస్టెంట్‌కు సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. జీతం మాత్రం బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇవ్వండి. మీకు ఖర్చు కింద, ఆమెకు ఆదాయం కింద రుజువుంటుంది. రేపు ఆమె బ్యాంకు రుణానికి వెళ్లినా అదే అక్కరకొస్తుంది.

చట్టం అడగలేదు కదా అని సెలవుల మాట దాటేయకండి. నెలకు జీతంతో ఒకటి రెండు సెలవులు ఇస్తే, పైన చెప్పిన రోజుకు మూడు గంటల లెక్కలో అయ్యేది 300 నుంచి 600 రూపాయలు. మనిషి మారిన ప్రతిసారీ కొత్తగా నేర్పడానికి పోయే 20 గంటల కన్నా అది చవకే.

ఒప్పుకునే ముందు కాగితం మీద...

• రోజుకు ఎన్ని గంటలు, ఏ వేళల్లో?
• ఏయే పనులు? ఏవి ఆమె పనులు కావు?
• గంటకెంత, ఏ తేదీన ఇస్తారు? అదనపు గంటలకు ఎంత?
• నేర్చుకునే మొదటి వారానికీ జీతముందా? (ఉండాలి.)
• నెట్, రీచార్జి ఖర్చు ఎవరిది?
• తప్పు జరిగితే నష్టం ఎవరిది? (చిన్న పొరబాట్లు వ్యాపారం ఖర్చులోనే పోవాలి, జీతంలో కోత పెట్టకూడదు.)
• మానేయాలన్నా, మాన్పించాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

ఒక్క పేజీ చాలు. వాట్సాప్‌లో రాసి ఇద్దరూ ‘సరే’ అనుకున్నా, ఏమీ రాసుకోకపోవడం కన్నా మేలే.

పెద్ద జీతం ఇవ్వలేని స్థితిలో ఉన్నవారు రోజుకు ఒక్క గంటతో మొదలుపెట్టండి. గంటకు 100 చొప్పున నెలకు 2,600. అన్నిటికన్నా మిమ్మల్ని విసిగించే పని ఏదో, అదొక్కటే ఆ గంటకు అప్పగించండి. మూడు నెలలయ్యాక లెక్క చూసుకుని రెండో గంట సంగతి ఆలోచించవచ్చు. ఈలోగా చేయవలసింది ఇంకొకటుంది. ఈసారి ఆవకాయ ధర కట్టేటప్పుడు నూనె, కారం, సీసాల కింద మరో రెండు వరసలు కలపండి. ఒకటి అసిస్టెంట్ జీతం, రెండోది మీ గంటలు. రెండింటికీ పక్కన అంకె వేయండి. అప్పటికీ ఆ ధరకు పచ్చడి అమ్ముడుపోతే, మీ వ్యాపారం నిజంగా లాభాల్లో ఉన్నట్లు.